మన పనితనం మన ఊరి పిల్లలకు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పింఛను సంగతులు కార్యదర్శిగారు వివరంగా చెప్పారు గనుక నేను వాటి జోలికి పోను. కర్మాగారాలు, బడులు కలిసి పిల్లలను సాంకేతిక వృత్తులకు ఎలా తయారుచేయాలన్నది నాకు అప్పగించిన విషయం.

కరణ్‌కోటలో మన సి.సి.ఐ. కర్మాగారం 1987లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏటా 10 లక్షల టన్నుల సామర్థ్యం. అప్పుడిది రంగారెడ్డి జిల్లా, 2016 నుండి వికారాబాద్ జిల్లా. రాయి ఈ నేలదే. కాని ఆ రోజుల్లో ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, కిల్న్ బర్నర్లుగా వచ్చిన మనలో చాలామందిమి బయటి ఊళ్లవాళ్లమే. ఇక్కడి పిల్లలకు ఎక్కువగా దక్కింది బస్తాల లోడింగు, ఊడ్చే పని. ఈ మాట చెప్పడానికి మొహమాటం అక్కరలేదు.

బడికీ కర్మాగారానికీ సంబంధం అంటే సాధారణంగా ఏం జరుగుతుంది? ఏడాదికోసారి బస్సు వస్తుంది. పిల్లలు తిరిగే కిల్న్‌ను దూరం నుంచి చూస్తారు, బిస్కట్లు తింటారు, ఫోటో దిగుతారు. నేను దాన్ని తప్పు పట్టను. అయితే అక్కడితో ఆగిపోతే లాభం లేదు.

సైన్సు పాఠంలో కాల్షియం కార్బొనేట్‌ను వేడిచేస్తే కాల్షియం ఆక్సైడు, కార్బన్ డయాక్సైడు వస్తాయని ఉంటుంది. పిల్లవాడు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటాడు. ఆ సమీకరణమే తన ఊరి పొగగొట్టం కింద రాత్రింబవళ్లు నడుస్తున్నదని వాడికి ఎవరూ చెప్పరు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, తక్కిన 44 కిలోలు గాలిలో కలుస్తాయి. తర్వాత 1450 డిగ్రీల దగ్గర సున్నం, మట్టి కలిసి క్లింకర్ అవుతుంది. ఆ వేడికి ఇనుప గొట్టం ఎందుకు కరగదు? లోపల ఇటుకల పొర ఉంది గనుక. ఒకచోట ఇటుక రాలితే బయట షెల్ ఎర్రబడుతుంది. నీలి అద్దంలోంచి మంట చూసి లోపలి సంగతి చెప్పినవాళ్లు ఈ హాల్లోనే కూర్చుని ఉన్నారు. ఇప్పుడు కంప్యూటర్ తెర చెబుతుంది, సరే. తెర మీద అంకె ఎందుకు పెరిగిందో తేల్చవలసింది మాత్రం మనిషే. మాస్టారు సమీకరణం చెప్పాలి, మనం మంట సంగతి చెప్పాలి.

ఇక చట్టం మాట. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. 2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు కాంట్రాక్టువారిని కూడా లెక్కలోకి తీసుకుని, మొత్తం సిబ్బందిలో రెండున్నర నుండి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. అంటే 400 మంది ఉన్నచోట కనీసం 10 మంది. 2016లో వచ్చిన పథకం కింద స్టైపెండులో నాలుగో వంతు, 1500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరించింది. కాబట్టి అప్రెంటిస్‌ను తీసుకోవడం ఎవరూ చేసే దానం కాదు.

సీటు దొరికినంత మాత్రాన పని వస్తుందా? మా బంధువుల కుర్రవాడొకడు ఒక కర్మాగారంలో ఏడాది అప్రెంటిస్ చేశాడు. ఊరూ పేరూ చెప్పను. "ఏం నేర్చుకున్నవ్ బిడ్డా?" అని అడిగితే, "చాయ్ మంచిగ పెడుతున్న తాతా" అన్నాడు. సర్టిఫికెట్ మాత్రం వచ్చింది.

జర్మనీలో కుర్రవాడు వారంలో మూడు నాలుగు రోజులు కర్మాగారంలో, మిగతా రోజులు వృత్తి పాఠశాలలో ఉంటాడు. అంత దూరం ఎందుకు, బాలానగర్‌లో 1968 నుండి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. పదో తరగతి పాసైన పిల్లలు అక్కడ అచ్చులు, డైలు చేసే డిప్లొమా చదువుతారు. మన ఊళ్లో ఎందరు తల్లిదండ్రులకు ఈ సంగతి తెలుసు? 2024లో రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐ.టి.ఐ.లను ఆధునిక కేంద్రాలుగా మార్చే పని తలపెట్టింది. మంచిదే. అయితే కొత్త యంత్రం పక్కన చేయి తిరిగిన మనిషి నిలబడకపోతే దాని మీద దుమ్మే చేరుతుంది.

ప్రమాదకరమైన పనుల్లో అప్రెంటిస్‌కు 18 ఏళ్లు నిండాలి. అందుచేత బడి పిల్లలను ప్లాంటు లోపల పనికి పెట్టమని నేను అనడం లేదు. మనమే బడికి వెళదాం. శనివారం రెండు గంటలు చాలు. ప్రధానోపాధ్యాయులవారు అనుమతిస్తే తొమ్మిదో తరగతి నుంచి పదిమంది పిల్లలు. వారిలో సగం మంది ఆడపిల్లలు ఉండాలని నా పట్టుదల. కొలతలు చూడటం వారికెందుకు రాదు? వెర్నియర్ పట్టడం, డ్రాయింగు చదవడం, కరెంటు పని ముందు ఫ్యూజు తీయడం, చేతితో తాకి బేరింగు వేడిని పసిగట్టడం నేర్పుదాం. పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ. దరఖాస్తు, ఆపైన అప్రెంటిస్ నమోదు మనమే దగ్గరుండి చేయిద్దాం. కర్మాగారం యాజమాన్యాన్ని అడగవలసింది రెండే: వాడి పక్కన పెట్టిన విడిభాగాలు కొన్ని, వచ్చే అప్రెంటిస్ ఖాళీల జాబితా సకాలంలో బడి నోటీసు బోర్డుకు.

ముందుకు వచ్చేవారు తమ పేరు, చేసిన ట్రేడు కార్యదర్శిగారి పుస్తకంలో రాయండి. నా పేరు పొద్దుననే రాయించాను. ఇంట్లో రెండు పాత బాల్ బేరింగులు ఉన్నాయి, తెస్తాను. వెర్నియర్ కాలిపర్ ఎవరి దగ్గరైనా ఉంటే భోజనాలకు లేచేలోగా చెప్పండి.