ముగ్గులో లెక్క



పోయిన వారం ఇక్కడే ఒక అక్క పలక పక్కన పెట్టేసింది. "అక్షరాలంటే వచ్చినయ్ గాని, లెక్కలు నా వల్ల కాదమ్మా" అంది. ఆమె మట్టి పనికి పోతుంది. గుంత తవ్వితే మేస్త్రీ చెప్పిందే కొలత.

నేను సుద్దముక్క చేతికిచ్చి, "ముగ్గెయ్యి" అన్నాను. 7 చుక్కలు, 4 దాకా, సందు చుక్కలు. చూస్తుండగానే పెట్టేసింది. నడిమి వరుసలో 7. పైన 6, 5, 4. కింద కూడా 6, 5, 4. మొత్తం ఎన్ని? వేళ్ల మీద కూడింది. పైన 15, కింద 15, నడుమ 7. అంటే 37. ఒక్క చుక్క తప్పినా ముగ్గు కుదరదు. ఆమె చెయ్యి తప్పలేదు.

ఆ ముగ్గులో నట్టనడిమి చుక్క మీద వేలు పెట్టండి. దాని చుట్టూ 6 చుక్కలుంటాయి. తేనెపట్టు చూశారు కదా? ఒక్కో గది చుట్టూ 6 గదులు. ఎందుకట్లా? మూకుట్లో గారెలు పక్కపక్కన వేస్తే మధ్యన సందులు మిగులుతాయి. గుండ్రటి గదులు కట్టినా అంతే. అన్ని వైపులా సమానంగా ఉండి, సందు లేకుండా అమరే ఆకారాలు మూడే: మూడు మూలలది, నాలుగు మూలలది, ఆరు మూలలది. వాటిలో ఆరు మూలల గదికి గోడ తక్కువ. గోడ తక్కువైతే మైనం తక్కువ. సమానమైన గదులు ఇంతకంటే తక్కువ గోడతో ఎట్లా కట్టినా కుదరదని 1999లో థామస్ హేల్స్ అనే అమెరికా లెక్కల పండితుడు రుజువు చేశాడు. తేనెటీగ ఆ రుజువు కోసం ఆగలేదనుకోండి!

ముగ్గుల మీద కూడా పెద్ద చదువుల వాళ్లు పని చేశారు. తమిళనాడులో ముగ్గును కోలం అంటారు. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి దంపతులు, కమల కృతివాసన్ కలిసి 1974లో కోలాల మీద పరిశోధన వ్యాసం అచ్చు వేయించారు. చిన్న ముగ్గు ఏ పద్ధతిలో పెద్దదవుతుందో సూత్రాలుగా రాశారు.

ఇదంతా విని ఆ అక్క, "మరి నా గుంత?" అంది.

మొన్న తవ్విన గుంత పొడవు 10 అడుగులు, వెడల్పు 8, లోతు ఒక అడుగు. అడుగుకో గడి చొప్పున పలక మీద గీసింది. వరుసకు 10 గడులు. అట్లాంటివి 8 వరుసలు. మొత్తం 80. లోతు ఒక్క అడుగే కాబట్టి 80 ఘనపు అడుగుల మట్టి. మేస్త్రీ 70కే కూలి కట్టాడట.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. మర్నాడు ఆమె టేపు పట్టుకుని పనికి పోయింది. పలక కూడా వెంట తీసుకుపోయింది.