ట్రాన్స్‌ఫార్మర్ నూనెకూ ఒక వయసుంటుంది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

కరెంటోడిని మైకు ముందుకు పిలిస్తే కోతల గురించి నిలదీస్తారేమోనని భయపడుతూనే వచ్చినాను. నేను మాట్లాడేది మాత్రం నూనె గురించి.

1994 మార్చి. కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో బోర్ల కింద శెనక్కాయ ఊడలు దిగుతోంది. సరిగ్గా అప్పుడే ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. మరమ్మతు షెడ్డులో ఉన్న పాత 63 కేవీఏది పంపుదామని నూనె పరీక్షించినాను. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య 2.5 మిల్లీమీటర్ల సందు పెట్టి, నిప్పురవ్వ దూకేదాకా వోల్టేజీ పెంచుతాం. 22 కిలోవోల్టులకే దూకింది. ఫిల్టరు మిషన్లో తిప్పినాక 50 దాటింది. సంతోషంగా సంతకం పెట్టి పంపించినాను.

పన్నెండో రోజు అది కాలిపోయింది.

విప్పి చూస్తే చుట్ల మీది కాగితం వేలు తగలగానే అప్పడంలా పొడైపోయింది. చేను ఎండిన రైతు కేకలేయలేదు. "సార్, బాగుందనే కదా పంపించినారు?" అన్నాడు. అంతే. ఏం చెప్పాలో తోచలేదు.

నిప్పురవ్వ పరీక్ష నూనెలో తేమ, దుమ్ము ఉన్నాయా అని మాత్రమే చెబుతుంది. అవి ఫిల్టరుతో పోతాయి. వయసు సంగతి వేరే. వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు, లోపలి రాగి తోడైతే నూనెలో ఆమ్లం పుడుతుంది, తర్వాత జిగట మడ్డి. మడ్డి చుట్లను కప్పేస్తే వేడి బయటికి పోదు. మామూలు ఫిల్టరు ఈ ఆమ్లాన్ని తీయలేదు. ఒక గ్రాము నూనెలోని ఆమ్లాన్ని విరవడానికి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ పడుతుందో కొలిస్తే వయసు తెలుస్తుంది. అప్పట్లో కొత్త నూనెకు అది 0.03 దాటకూడదనేది నియమం. ఫినాఫ్తలీన్ చుక్కలేసి మన సైన్స్ సారు గులాబీ రంగు చూపించినారే, ఆ లెక్కే! నేను దాన్ని బడిలోనే వదిలేసి ఉద్యోగానికి పోయినాను.

ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే మన జిల్లాలో తేమ ఎక్కడిదంటారా? పగలు నూనె వేడికి ఉబ్బుతుంది, రాత్రి చల్లబడి గాలి పీలుస్తుంది. సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి మారినా ఎవరూ పట్టించుకోకపోతే ఆ గాలితో తేమా లోపలికి పోతుంది. కానీ మనకు అసలు శత్రువు వేడే. నీళ్లు లోతుకు పోయేకొద్దీ మోటార్లు పెద్దవయినాయి. కరెంటు రాగానే ఆటో స్టార్టర్ల పుణ్యాన అన్నీ ఒకేసారి తిరుగుతాయి. చుట్ల వేడి ఆరేడు డిగ్రీలు పెరిగితే కాగితం ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

నూనెను ఫుల్లర్స్ ఎర్త్ అనే మట్టి గుండా పంపి మళ్లీ వయసులోకి తేవచ్చు. కాగితాన్ని తేలేం. కొత్త కాగితంలో గ్లూకోజ్ గొలుసు సగటున వెయ్యి లంకెలుంటుంది. తెగి తెగి రెండొందలకు వస్తే దానిలో బలముండదు. అలా తెగినప్పుడు పుట్టే ఫ్యురాన్లు నూనెలో కరుగుతాయి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు వాటినీ కొలుస్తారు. పొలాల దగ్గరి చిన్నవాటికి అంత ఖర్చు ఎవరు పెడతారు? వాటికి కనీసం ఆమ్ల పరీక్షన్నా చేయాలి. చిన్న కిట్టు చాలు.

ఆ కిట్టు ఒకటి, రెండు సీసాల నూనె తెచ్చినాను. ఒకటి తేనె రంగులో ఉంది, రెండోది టీ డికాషన్‌లా ఉంది. ల్యాబులో ఇచ్చి పోతున్నాను. పదో తరగతి పిల్లలు రంగు చూసి, ఏ సీసాది పెద్ద వయసో మీకు చెబుతారు.