చూస్తున్న 20 మంది: సూ కో చిత్రాలపై స్మారకోపన్యాసం

పత్రిక కోసం వేసిన నిరసన బొమ్మ గ్యాలరీ గోడెక్కితే దాని కోరలు ఊడిపోతాయన్నది కళావిమర్శలో చాలాకాలంగా వినిపించే మాట. అందులో సగమే నిజమని చెప్పడానికి సూ కో చిత్రాలను సాక్ష్యంగా తెచ్చాను. 1951లో ఇంగ్లండ్‌లోని టామ్‌వర్త్‌లో పుట్టిన ఈమె 1972లో న్యూయార్క్ చేరి, న్యూయార్క్ టైమ్స్ వంటి పత్రికలకు బొమ్మలు వేశారు. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద 1983లో, మాల్కమ్ ఎక్స్ మీద 1986లో పుస్తకాలు తెచ్చారు. 2018లో క్వీన్స్‌లోని మోమా పీఎస్1 మ్యూజియం ఆమె బొమ్మలను 'గ్రాఫిక్ రెసిస్టెన్స్' పేరుతో ప్రదర్శించింది.

1983లో మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో, ఒక బార్‌లో ఒక స్త్రీ మీద సామూహిక అత్యాచారం జరిగింది. అక్కడున్న వాళ్లు చూస్తూ ఊరుకున్నారన్న వార్త దేశాన్ని కుదిపింది. సూ కో అదే ఏడాది గోడంత మిక్స్‌డ్ మీడియా చిత్రం వేశారు. స్త్రీ బార్‌లోకి రావడం, పూల్ టేబుల్ మీద నలుగురు అత్యాచారం చేయడం, 20 మంది చూస్తుండడం, ఇవన్నీ దాని పేరులోనే ఉన్నాయి. ఇప్పుడది న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం సేకరణలో ఉంది. ఈ బొమ్మలో నేరం రెండు రకాలు: చేసినవాళ్లది, చూసినవాళ్లది. పత్రికలో పేజీ తిప్పేసి తప్పించుకోవచ్చు. గోడ ముందు అలా కుదరదు. గోడంత బొమ్మ ఎదుట, పక్కన మరికొందరు ప్రేక్షకులతో కలిసి నిలబడితే, ఆ 20 మంది పక్కన మనమూ చేరతాం. చూడడాన్నే తప్పుపట్టే బొమ్మకు చూపరులు గుమికూడే చోటు కావాలి. అది గ్యాలరీయే ఇవ్వగలదు.

ధనవంతుల హాలులో అలంకారంగా మారదా అని అడుగుతారు. మారుతుంది, కాదనను. అయితే గోడకు వేలాడినంత మాత్రాన బొమ్మ సాధువైపోదని చరిత్ర చెబుతోంది. 1898 బెర్లిన్ ప్రదర్శనలో జర్మన్ చిత్రకారిణి కేథె కోల్‌విట్జ్ గీసిన నేతగాళ్ల తిరుగుబాటు చిత్రాలకు న్యాయనిర్ణేతలు బంగారు పతకం సిఫారసు చేస్తే, రెండో విల్‌హెల్మ్ చక్రవర్తి ఒప్పుకోలేదు. అలంకారమైతే చక్రవర్తికి అంత చికాకెందుకు? కోల్‌విట్జ్ బొమ్మలను చూపిన న్యూయార్క్‌లోని గ్యాలరీ సెయింట్ ఎటియెనే చాలాకాలం సూ కో బొమ్మలనూ చూపింది. నిజమే, ఇవాళ నిరాకరించే చక్రవర్తి లేడు, ఆహ్వానించే మ్యూజియం ఉంది. ఆ ఆహ్వానమే ఎక్కువ ప్రమాదం. దానికి సూ కో తన మార్గం వెతుక్కున్నారు: మూలచిత్రం గోడ మీదకు వెళ్లినా, ప్రింట్లను తక్కువ ధరకు అమ్మి, ఆ డబ్బు జంతుహక్కుల సంస్థలకు ఇస్తూ వచ్చారు. బొమ్మ ఒకేసారి రెండు చోట్ల బతుకుతోందన్నమాట.

ఇది కళ కాదు, ప్రచారం అనే ఆక్షేపణ మరింత బరువైనది. పందుల ముఖాల పెట్టుబడిదారులు, డబ్బు సంచులు వచ్చిన చోట్ల ఆమె గీత కూడా నినాదమైపోతుందని నా అభిప్రాయం. కబేళాలను చూసి గీసిన 'డెడ్ మీట్' (1995)కు మాత్రం ఆ మాట చెల్లదు. కెమెరాలను గుమ్మంలోనే ఆపేసిన చోట స్కెచ్ పుస్తకం పట్టుకుని నిలబడి, కళ్లెదుటే గీసిన బొమ్మలవి. నలుపు తెలుపుల మధ్య అక్కడక్కడ ఎరుపు. జంతువులతో పాటు కత్తి పట్టిన కార్మికుడూ ఆ యంత్రాంగానికి చిక్కినవాడిగానే కనిపిస్తాడు. ఆ కార్మికుడిని రాక్షసుడిగా గీయడం ప్రచారకుడికి ఎంతో సులువు. ఇతరుల బాధతో కళాకారుడు బతుకుతున్నాడన్న నిందకూ ఇక్కడే సమాధానం దొరుకుతుంది: చూసి, ఎదుట నిలబడి, గీతలో తన శ్రమ పెట్టినవాడు సాక్షి. వార్తాఛాయాచిత్రం చూసి ఇంట్లో కూర్చుని కన్నీళ్లు అద్దినవాడికి ఆ హోదా లేదు.

బొమ్మకు పత్రికా, గోడా రెండూ కావాలి కాబట్టి ఇటువంటి ప్రదర్శనలను నిర్వహించేవారిని నేను కోరేది ఒకటే. మూలచిత్రాన్ని ఒంటరిగా, పెద్ద ఫ్రేమ్‌లో, మసక వెలుతురులో దేవుడి పటంలా వేలాడదీయకండి. అది మొదట అచ్చయిన పత్రిక పేజీని, పసుపు తిరిగిన కాగితంతో, పక్కనున్న ప్రకటనతో సహా, అదే గోడ మీద అదే ఎత్తులో పెట్టండి. మూలచిత్రంలో అతికించిన కాగితాల పొరలు అచ్చులో ఏమయ్యాయో, ఏది పోయిందో, ఏది మిగిలిందో ప్రేక్షకుడే పోల్చుకుంటాడు.