ఇంటి కంప్యూటరునకు సంబంధము తెగినపుడు

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడుమని సంఘమువారు కోరినపుడు కొంత సందేహించితిని. నేను పండితుడను కాను. ముప్పది యేండ్లు టెలిఫోను తీగల మరమ్మతులలో గడిపి, ఇప్పుడు ఇంటిపట్టున నుండువాడను. అయినను కార్యదర్శిగారు, "మన యిండ్లలో కంప్యూటర్లు పెట్టుకొన్నారు గాని నెట్టు పోయినదన్న మాట వారమున కొకసారి వినుచున్నాము. ఏమి చేయవలెనో తల్లిదండ్రులకు మన భాషలో చెప్పుడు" అని పట్టుబట్టిరి. సరేయని వచ్చితిని.

మొదట నా తప్పు నొకదానిని చెప్పుకొందును. 2021వ సంవత్సరమున బడులు మూతపడి పాఠములన్నియు తెరమీదికి వచ్చిన దినములు మీకు జ్ఞాపక మున్నవి. అప్పుడు నా మనుమరాలు ఒక వసతి కళాశాలకు దరఖాస్తు పంపవలసి యుండెను. చివరి దినము వరకు జాగు చేసితిమి. సాయంకాలము ఆరు గంటలకు కంప్యూటరు ముందు కూర్చుంటిమి. పుట తెరచుకొనలేదు, నడుమ చిన్న చక్ర మొకటి గిరగిర తిరుగుచునే యున్నది. "తాతా, నెట్టు పోయినది" అని పిల్ల కన్నీరు పెట్టుకొన్నది. ముప్పది యేండ్ల అనుభవము గలవాడను గదా, నేనేమి చేసితిని? గోడ మీది రౌటరు పెట్టె వెనుక నున్న సన్నని రంధ్రమున పిన్నీసు గ్రుచ్చి పది లెక్కించువరకు నొక్కి పట్టితిని. దీపములన్నియు ఆరి మరల వెలిగినవి. కాని ఆ నొక్కుటతో పెట్టెలోని అమరికలన్నియు చెరిగిపోయినవి. మా లైను పేరు, రహస్యపదము అందులోనే యుండెను. దానిని బిగించిన కుర్రవాడు నోటితో చెప్పిపోయినాడే గాని, మేమెవ్వరమును కాగితము మీద వ్రాసికొనలేదు. సహాయ కేంద్రమునకు ఫోను చేసితిమి. రాత్రి యైనది, పలుకువారు లేరు.

అసలు సంగతి మరునాడు తెలిసినది. ఎదుటి వీథిలోని బాలుడు అదే రాత్రి పదకొండు గంటలకు తన దరఖాస్తును పంపియున్నాడు. చివరి దినము గనుక పిల్లలందరు ఒక్క పెట్టున ఆ కళాశాల పుట మీద పడుటచేత అది సాయంకాలము మొరాయించి, రాత్రి తేరుకొన్నది. మా తీగకు ఏ లోపమును లేకుండెను. లేని రోగమునకు మందు వేసి ఉన్న ఆరోగ్యమును చెడగొట్టితిని. ఆ యేడు మా పిల్లకు ఆ కళాశాల దక్కలేదు. ఆమె నన్నొక్క మాట యనలేదు; అనియుండిన నాకే కొంత తేలికగా నుండెడిది.

టెలిఫోను పనిలో నాకు మొదటి దినముననే నేర్పినది ఇదియే గదా! తీగ ఎక్కడ తెగినదో తెలియక ముందు పనిముట్టు పట్టరాదు. ఇంటిలో ఫోను మూగపోయినచో మేము ఇంటిలోనికి పోయి గోడ లూడదీయువారము కాము. దారి మధ్యనున్న పెట్టెకడ నిలిచి పరీక్షించువారము. అక్కడ మాట వినబడినచో లోపము ఇంటివైపు, వినబడకున్నచో ఆఫీసువైపు. ఒక్క పరీక్షతో సగము దారి కొట్టివేయబడును. అట్లే మరల సగము, మరల సగము.

కంప్లివారికి ఇది కొత్త సంగతి కాదు. విజయనగరపు రాజుల నాటినుండి కాలువ నీటితో బ్రదుకుచున్న ఊరు మనది. మడికి నీరు రాకున్న రైతేమి చేయును? మొదట తన మడవ పూడినదేమో చూచును. పిదప పిల్లకాలువ గట్టెక్కి పక్క చేనికి నీరు పారుచున్నదేమో చూచును. పక్క చేను పారుచున్నచో తప్పు తన మడవలోనే యున్నది. అదియు ఎండియున్నచో తూముకడకు నడచును. 2024వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినది గదా! ఆనాడు ఏ రైతును తన మడవ త్రవ్వుకొనుచు కూర్చుండలేదు. కష్టము తలకడ నున్నదని అందరెరుగుదురు. కన్నయ్య నాయుడుగారి వంటి గేట్ల నిపుణులు వచ్చి, పారు నీటిలోనే ఇనుప పలకలు దింపించి నిలిపిరి. ఇంటిలోని సంబంధమునకు కూడ మడవ, పిల్లకాలువ, తూము, ఆనకట్ట అన్నియు కలవు.

కనుక నెట్టు పోయినదని పిల్లలు చెప్పగానే చేతితో ఏమియు చేయకుడు. రెండు ప్రశ్నలు మాత్రము వేయుడు. ఒక్క పుటయే రాలేదా, అన్ని పుటలును రాలేదా? ఈ కంప్యూటరునకే రాలేదా, ఇంటిలోని ఫోనులకు కూడ రాలేదా?

ఒక్క పుటయే రానిచో అది ఆనకట్టకడి సంగతి. మనము చేయదగినది లేదు. కొంత సేపాగి మరల చూడవలెను. 2021 అక్టోబరు 4వ తేదీన ఫేస్‌బుక్కు, వాట్సాపు సుమారు ఆరు గంటల పాటు ప్రపంచమంతట నిలిచిపోయినవి. ఆ కంపెనీవారు తమ తీగల వ్యవస్థను సరిచూచుటలో ఇచ్చిన ఒక్క ఆజ్ఞ పొరపాటై, వారి యంత్రములకు దారి చూపు ఆనవాళ్లే లోకమునుండి మాయమైనవి. ఆ రాత్రి మన వీథులలో ఎందరు తమ ఫోనులను ఆర్పి వెలిగించి విసిగిరో!

ఫోనులకు వైఫై ద్వారా చక్కగా వచ్చుచు కంప్యూటరునకు మాత్రము రానిచో తప్పు ఆ కంప్యూటరులోనిదే. దేనికిని రానిచో తప్పు పెట్టెలోనో, దానికి ఆవలనో యున్నది. ఇచ్చట ఒక హెచ్చరిక: ఫోనులో సిమ్ము డేటా ఆపి చూడవలెను. లేనిచో వైఫై చచ్చియున్నను ఫోను తన సొంత దారిన పుటను తెచ్చి మనలను మోసగించును.

ఇక తెర మీది మాట. మన యిండ్లలో మాట తెలుగు, బజారులో కన్నడము, తెర మీద ఇంగ్లీషు. తెర చెప్పు సంగతి చదువలేక మనము భయపడుదుము గాని, అది తరచు నిజమునే చెప్పును. రెండు మాటలు గుర్తుంచుకొన్న చాలును. "నాట్ కనెక్టెడ్" అనినచో కంప్యూటరునకు, గోడ మీది పెట్టెకు నడుమ తెగినది. "నో ఇంటర్నెట్" అనినచో పెట్టెవరకు దారి బాగున్నది, అక్కడినుండి ఆవలికి లేదు. ఈ రెండును ఒకటియే యని తలచుటచేతనే సగము మంది తప్పు చోట మరమ్మతు మొదలు పెట్టుచున్నారు.

మొదటిది కనబడినచో కంప్యూటరుకడనే వెదకుడు. చేతి కంప్యూటరు లయినచో విమానము బొమ్మ గల మీట యొకటి యుండును. పిల్లల వ్రేలు తగిలి అది నొక్కబడినచో వైఫై మొత్తము ఆరిపోవును. నేను చూడబోయిన యిండ్లలో మూడింట రోగము ఇంతమాత్రమే. తీగతో కలిపిన కంప్యూటరైనచో తీగ కొననున్న ప్లాస్టిక్కు నాలుక విరిగి వదులైనదేమో చూడుడు. టక్కుమని శబ్దము వచ్చువరకు నెట్టవలెను. మన పాత యిండ్ల బండగోడల సంగతి మరువరాదు. ఒక గోడ దాటినంతనే వైఫై నీరసించును. పెట్టెలు రెండు విధముల అలలు పంపును: 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటును గాని నెమ్మది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగము గాని గోడ దాటుటలో త్వరగా నీరసించును. కంప్యూటరును పెట్టె ముందునకు తెచ్చి చూచిన రెండు నిమిషములలో సంగతి తేలును.

రెండవది కనబడినచో పెట్టె దీపములను చూడుడు. దీపమే లేనిచో విద్యుత్తు సంగతి. ఇతర యంత్రముల అడాప్టరును దీనికి తగిలింపకుడు. వోల్టు భేదమున్నచో పెట్టె కాలును. గాజుతీగ వచ్చిన యిండ్లలో "లాస్" అను అక్షరముల కడ ఎర్రదీపము వెలిగినచో వెలుపలినుండి కాంతి చేరుటలేదని అర్థము. ఈ గాజుతీగను గూర్చి రెండు మాటలు. లోపలి పోగు మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. అందులోను కాంతి నడచు నడిమి భాగము అంతకన్న బహు సన్నము. రాగితీగను వంచినను మాట పోవును గాని, దీనిని తలుపు సందున బిగియ వంచినచో కాంతి వంపుకడ జారిపోవును. బీరువా వెనుకకు నెట్టినప్పుడు నలిగినదేమో, ఎలుక కొరికినదేమో, మిద్దె మీద కోతులు ఊగినవేమో కంటితో చూడుడు. ఊడిన కొననుమాత్రము కంటికి ఎదురుగ పట్టి చూడకుడు. అందులోని కాంతి కనబడదు, కాని కంటికి హాని చేయగలదు. తెగిన గాజును మనము ముడివేయలేము, కంపెనీవారు రావలసినదే.

దీపములన్నియు సరిగా నుండి పుటలు రానిచో, పెట్టెను మీటతో ఆర్పి అర నిమిషమాగి వెలిగించి, మూడు నిమిషములు కాచుకొని, పిదప కంప్యూటరును ఆర్పి వెలిగింపవలెను. ముందు పెట్టె, పిదప కంప్యూటరు. ఇది పిన్నీసు గ్రుచ్చుట కాదు సుమా! దీనివలన అమరికలు చెరగవు. ఇది మంత్రమును కాదు. పెట్టె ఇంటిలోని ప్రతి యంత్రమునకు కొంత కాలమునకు ఒక అంకెల చిరునామా ఇచ్చును. ఆ పంపకములో చిక్కు పడినచో కంప్యూటరు చిరునామా దొరకక తనకు తానే ఒకటి పెట్టుకొనును. అది 169.254 అను అంకెలతో మొదలగును. "సి.ఎం.డి." అను నల్లని కిటికీలో "ఐపీకాన్ఫిగ్" అని ఇంగ్లీషున వ్రాసినచో ఆ అంకెలు కనబడును. అట్లు కనబడినచో పెట్టె మీకు చిరునామా ఇయ్యలేదని తెలిసికొనుడు.

అదే కిటికీలో "పింగ్" అని వ్రాసి 8.8.8.8 అని వ్రాయుడు. అది గూగులు కంపెనీ నడుపు ఒక యంత్రపు అంకె. 1983లో అమెరికాలో మైక్ మూస్ అను ఇంజనీరు ఈ పరీక్షను వ్రాసి, నీటిలోని జలాంతర్గాములను కనిపెట్టు ధ్వని పేరు దీనికి పెట్టినాడు. కేకవేసి ప్రతిధ్వని వచ్చునా యని చూచుట వంటిది. బదులు వచ్చి పుటలు మాత్రము రానిచో దారి బాగున్నది గాని పేర్ల పట్టిక చెడినది. మనము పుటను పేరుతో పిలిచెదము. యంత్రములు అంకెతో పిలిచికొనును. పేరును అంకెగా మార్చు వ్యవస్థను పాల్ మాకపెట్రిస్ అను నాతడు అదే 1983లో కల్పించెను. అది నిలిచినచో లోకమంతయు ఉన్నను ఇంటి నంబరు తెలియని తపాలా బంట్రోతు గతి మనది.

మరొక వింత. పాత కంప్యూటరులలో రూపాయి బిళ్ళ వంటి చిన్న బ్యాటరీ యుండును. అది చచ్చినచో కంప్యూటరు గడియారము ఏ పాత సంవత్సరమునకో వెళ్ళిపోవును. అప్పుడు బ్యాంకు పుటలు, బడి పుటలు "సురక్షితము కాదు" అని నిరాకరించును. వాని నిజమును చాటు పత్రములకు తేదీ గడువు ఉండుటయే కారణము. తెర మూలనున్న తేదీని ఒకసారి చూడుడు. నెట్టు పోయినదని నా దగ్గరకు తెచ్చిన ఒక కంప్యూటరుకు ఈ బిళ్ళ మార్చగానే బాగైనది.

అన్నిటికన్న సామాన్యమైన కారణము చెప్పుటకు సిగ్గగుచున్నది: నెల పైకము గడువు దాటుట. పిల్లల పరీక్షకు ముందు దినమే అది దాటును.

కంపెనీకి ఫోను చేయు నంబరును బిల్లు మీదనుండియే తీసికొనవలెను. ఇంటర్నెట్టులో వెదకి దొరికిన నంబరును నమ్మకుడు. సహాయ కేంద్రమని చెప్పి, మీ ఫోనునకు వచ్చిన అంకె చెప్పుమనువాడును, మీ కంప్యూటరును తన చేతికి తీసికొను యాప్ వేయుమనువాడును దొంగ. ఈ సంగతి ఇంటిలోని పెద్దలకు తప్పక చెప్పుడు. నిజమైన కేంద్రమువారు కన్నడములో మాటలాడుదురు, భయపడ పనిలేదు. "లాస్ దీపము ఎర్రగా నున్నది, అన్ని యంత్రములకును రాలేదు, పెట్టె ఆర్పి వెలిగించితిమి" అని మూడు సంగతులు చెప్పగలిగినచో, వారు మీతో ఆ పనులే మరల చేయించి ఒక గంట వ్యర్థము చేయరు. ఫిర్యాదు అంకె వ్రాసికొనుడు.

ఆగస్టులో ఆనకట్ట గేట్లు తెరచి మన వంతెన మునిగినపుడు గంగావతి పోవలసినవారు చుట్టుదారిన పోవుచున్నారు గదా! అట్లే ఫోనులోని "హాట్‌స్పాట్" అను మీట నొక్కినచో సిమ్ము నెట్టు కంప్యూటరునకు వచ్చును. దరఖాస్తు వంటి చిన్న పనికి అది చాలును. ఆ సాయంకాలము నాకీ సంగతి తెలియకుండెను.

మా యింటిలో ఇప్పుడు గోడకు మేకు కొట్టి చిన్న పుస్తకము వ్రేలాడదీసితిమి. లైను పేరు, బిల్లు నంబరు, పైకము గడువు, సహాయ కేంద్రపు నంబరు అందులో నున్నవి. రహస్యపదము మాత్రము వేరుగా బీరువాలో నున్నది. ఏ దినమున ఏమి తెగినది, ఎట్లు బాగైనది కూడ వ్రాయుచున్నాము. మనుమరాలి చేతివ్రాతయే యెక్కువ. ఆమె మరుసటి యేడు మరియొక కళాశాలలో చేరినది. సెలవులకు వచ్చినపుడు మొదట ఆ పుస్తకము తీసి, నేను ఏమి చెడగొట్టితినో చదివి నవ్వును.

పాత రౌటరు పెట్టె నొకటి, కొంత తీగను, ఒక చచ్చిన బ్యాటరీ బిళ్ళను తెచ్చి ప్రక్క గదిలో బల్ల మీద ఉంచితిని. భోజనములకు ఇంకను అర గంట యున్నదట. చూడగోరు తల్లులు, తండ్రులు రండు. మీట ఎక్కడ నున్నదో, పిన్నీసు రంధ్ర మెక్కడ నున్నదో వ్రేలితో తాకి చూచి పోవచ్చును.