ఉపచారమే ఉపాసన

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు ఉపచారజ్ఞానము, దక్షత, శౌచము, అనురాగము ఉండవలెనన్నది. ఆసుపత్రిలో వృద్ధుల రక్షణకు నేటి నర్సులు పాటించు నియమములు వీనిలోనే ఇమిడియున్నవి.

కదలలేని వృద్ధుని సుమారు రెండు గంటలకొకమారు ఒత్తిగిలజేయుట ఉపచారజ్ఞానము. లేనిచో పక్కపుండ్లు పడును. మందిచ్చుటకు ముందు పేరడిగి సరిచూచుట, రాత్రివేళ జారిపడకుండ చేయిపట్టి నడిపించుట దక్షత. చేతులు కడుగుకొని తాకుట శౌచము. చెవి వినబడనివారి ఎదుట నిలిచి, విసుగులేక మెల్లగా పలుకుట అనురాగము. మొదటి మూడు శిక్షణతో అబ్బును; నాల్గవది హృదయమున పుట్టవలెను.

కావున ఖర్చు భరించుటతో మన పితృఋణము తీరదు. ఒక్క నర్సు పెక్కు మంచములు చూచుచోట, పక్కన కూర్చుండు మనకును ఆ నాలుగు గుణములు వలయును. అదియే దైవసేవ.