పాత బొమ్మల్లో ఉన్న ముంపు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు చాలామందికి వచ్చిన సందేహం: ఆకాశంలో ఇన్ని ఉపగ్రహాలుండి ఏం లాభం? న్యాయమైన ప్రశ్నే, కానీ మనం ఉపగ్రహాన్ని అడగాల్సింది వరద రోజున కాదు. ఆ రోజు బొమ్మ పడవలు ఎటు పంపాలో చెబుతుంది. ముంపు తగ్గించే నిర్ణయాలకు పనికొచ్చేవి గడిచిన పదేళ్ల బొమ్మలు. రాడార్ ఉపగ్రహానికి మబ్బులు అడ్డు కావు. నిశ్చలమైన నీరు దాని తరంగాలను అద్దంలా అవతలి పక్కకు మళ్లిస్తుంది కాబట్టి ముంపు నల్లగా కనిపిస్తుంది. యూరప్ వారి సెంటినెల్-1 డేటా 2014 నుంచి ఉచితంగా దొరుకుతోంది. మన రాడార్ ఉపగ్రహం ఈఓఎస్-04ను 2022లో ప్రయోగించారు. ఏటేటా ముంపు హద్దులను ఒకదానిపై ఒకటి పరిస్తే పదే పదే మునిగే చోట్లు వాటంతటవే తేలతాయి. అస్సాం, బీహార్‌లకు హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఇలాంటి అట్లాసులు తయారుచేసింది.

దీనిమీద అభ్యంతరాలున్నాయి, కొట్టిపారేసేవి కావు. ఒక్క సెంటినెల్ అదే కక్ష్యలో మళ్లీ రావడానికి 12 రోజులు పడుతుంది. వాగు పొంగు గంటల్లో తీసేస్తుంది. అందుకే బొమ్మలో నల్లగా లేదంటే మునగలేదని అనుకోకూడదు. అది కనీసపు లెక్క మాత్రమే. ఇళ్ల మధ్య నిలిచిన నీరైతే గోడలకు తగిలిన తరంగం వెనక్కి రావడంతో తెల్లగా మెరుస్తుంది, నల్లటి రంగే వెతికే సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేస్తుంది. లోతు అసలే తెలియదు. పైగా 2024 వరద రోజుల్లోనే కృష్ణపై ఉన్న ప్రకాశం బ్యారేజీకి మునుపెన్నడూ లేని 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. కృష్ణ అంత నిండుగా ఉంటే బుడమేరు మళ్లింపు కాలువ నీరు అందులో కలవలేక వెనక్కి తంతుంది. కాలువ కట్టలకు గండ్లు కూడా పడ్డాయి. ఈ చిక్కు ఏ బొమ్మలోనూ ఉండదు. బుడమేరుపై ఉన్న వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎప్పుడు ఎత్తాలో చెప్పాలంటే నీటిమట్టం కొలతలు, నేల ఎత్తుల సర్వే పక్కన ఉండాల్సిందే.

మరి బొమ్మ ఎందుకంటారా? నేల ఎత్తుల సర్వేకు డబ్బు కావాలి, ఊరంతా ఒకేసారి చేయలేం. ముందు ఎక్కడ చేయాలో అది చూపిస్తుంది. ఇక ముంపు పటం పేదల ఇళ్లు ఖాళీ చేయించే కాగితమవుతుందన్న భయం, నా ఉద్దేశంలో, అన్నిటికన్నా బలమైనది. పటాన్ని ఆఫీసు బీరువాలో దాస్తే ఆ భయం నిజమవుతుంది. సర్వే నంబర్లతో వార్డు ఆఫీసు గోడకు అంటిస్తే, స్థలం కొనేవాడు రిజిస్ట్రేషన్‌కు ముందే చూసుకుంటాడు, లేఅవుట్‌కు అనుమతిచ్చిన అధికారి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.