డిశ్చార్జి అయ్యాక సైకిలు తొక్కవచ్చా?



డిశ్చార్జి కాగితం చేతికిచ్చేటప్పుడు మీరు ఎక్కువగా అడిగేవి రెండు ప్రశ్నలు. ఏం పెట్టమంటారు సిస్టరుగారూ అన్నది మొదటిది. రెండోది, "మా ఆయన మళ్ళీ సైకిలు తొక్కవచ్చాండీ?" అని. ఈ రోజు ఆ రెండో ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. పేషెంటుతో కంటే మీతోనే చెబుతున్నాను. ఇంటికి వెళ్ళాక ఆయన్ని ఆపవలసిందీ, బయలుదేరదీయవలసిందీ మీరే కదా.

సైకిలు మంచి వ్యాయామం. ఒంటి బరువు సీటు మోస్తుంది కనుక మోకాళ్ళ మీద నడకలో పడినంత భారం పడదు. తొడ కండరాలు మన శరీరంలో పెద్దవి. అవి పనిచేస్తే రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి, గుండెకు కూడా బలం వస్తుంది. 1953లో లండనులో మోరిస్ అనే డాక్టరుగారు, ఆయన తోటివారు ఒక పరిశీలన ప్రచురించారు. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనబడింది. నడుస్తూ, సైకిలు తొక్కుతూ ఉత్తరాలు పంచే పోస్టుమాన్ల విషయంలోనూ అంతే. బల్ల దగ్గర కూర్చునే గుమాస్తాల కంటే వారు నయం. మన కొల్లేటి లంకల నుంచి ఒకప్పుడు తెల్లవారకుండానే చేపల బుట్ట వెనక కట్టుకుని తొక్కుకుంటూ వచ్చేవారు. ఇప్పుడు ఆ బుట్ట మోపెడ్ల మీదికీ ఆటోల్లోకీ ఎక్కింది. శ్రమ తగ్గింది, సంతోషమే. కంచంలో అన్నం మాత్రం తగ్గలేదు.

అయితే ముందు డాక్టరుగారి అనుమతి కావాలి. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, పక్షవాతం, మూర్ఛ ఉన్నవారు, షుగరు వల్ల కంటి వెనక రక్తం చిమ్మినవారు అడగకుండా సైకిలు ఎక్కరాదు. బైపాసు ఆపరేషను అయినవారికి రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. హ్యాండిలు మీద వాలితే ఆ ఎముక మీదే భారం పడుతుంది. అందాకా నడకే.

అనుమతి వచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. పదిహేను రోజులు మంచం మీద ఉంటే కండరం కరిగిపోతుంది. పాత బలం మనసులో ఉంటుంది గాని కాళ్ళలో ఉండదు. లంక గ్రామం నుంచి వచ్చిన ఒకాయన, నలభై దాటిన మనిషి, ఇన్సులిను మీద ఉన్నారు. ఇంటికి వెళ్ళిన మూడో రోజు పొద్దున్నే ఇన్సులిను వేసుకుని, టిఫిను తినకుండా సైకిలు తీసి కైకలూరు బయలుదేరారు. పాతికేళ్ళు చేపలమ్మిన రోడ్డే. తిరిగి వస్తూ కాలువ గట్టు మీద చెమటలు పట్టి పడిపోయారు. ఎవరో చూసి నోట్లో పంచదార వేయబట్టి తేరుకున్నారు. భార్య మా దగ్గరకు వచ్చి, ఇక సైకిలు అమ్మేస్తానండీ అంది. అమ్మవద్దమ్మా అన్నాం. సైకిలు తొక్కడం తప్పు కాదు, ఏమీ తినకుండా, మొదటి రోజే అంత దూరం పోవడం తప్పు.

మొదటి వారం రోజు విడిచి రోజు పది నిమిషాలు చాలు, అదీ ఊరి వీధుల్లోనే. వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. అరగంటకు చేరాక వారానికి ఐదు రోజులు తొక్కితే 150 నిమిషాలు అవుతుంది. పెద్దవారికి వారానికి కనీసం అంత ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముందు సమయం పెంచాలి, వేగం తరువాత సంగతి. మధ్యలో వదిలిపెట్టే రోజును బద్ధకం అనుకోకండి. తొక్కినప్పుడు కండరం అలసిపోతుంది, విశ్రాంతిలోనే బలపడుతుంది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం సుమారు 50 కిలోమీటర్లు. ఆ హైవే మీద హెల్మెట్టు పెట్టుకుని పందేల కోసం తొక్కే కుర్రాళ్ళకు కూడా ఇదే సూత్రం. ఒకరోజు గట్టిగా తొక్కితే మరునాడు తేలిక. మానేస్తే మాత్రం రెండు మూడు వారాల్లోనే సంపాదించిన బలం జారడం మొదలవుతుంది.

ఎంత గట్టిగా తొక్కాలో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. పక్కవారితో మాట్లాడగలగాలి, కీర్తన పాడలేకపోవాలి. పాడగలుగుతుంటే ఇంకొంచెం తొక్కవచ్చు. మాట తెగుతుంటే నెమ్మదించాలి. అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి మాత్రలు వేసుకునేవారికి నాడి పెరగదు కనుక వారు నాడి లెక్కను నమ్ముకోకూడదు, ఈ మాట పరీక్షే నయం. మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు మెల్లగా తొక్కండి. ఒక్కసారిగా ఆగి దిగితే రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరుగుతాయి, బి.పి. మాత్రలు వేసుకునేవారికి మరీను.

మనది పల్లం దేశం, కొండలు లేవు. ఐదో కాంటూరు అని మీరు ఎప్పుడూ వినే మాటకు అర్థం సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తనే. ఎక్కుడు ఉండదు గాని గాలి ఉంటుంది. కొల్లేటి రోడ్ల మీద చెట్టు చాటు లేనిచోట ఎదురుగాలి కొండతో సమానం. అందుకని వెళ్ళేటప్పుడే గాలికి ఎదురు వెళ్ళండి, అలసి తిరిగివచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది. కాలువ వంతెన ఎక్కేచోట దిగి నడిపించుకుంటే నామోషీ లేదు.

షుగరు ఉన్నవారు ఏదైనా తిని బయలుదేరాలి. జేబులో పంచదార పొట్లం తప్పనిసరి. వణుకు, చెమట వస్తే వెంటనే మూడు టీస్పూన్లు నోట్లో వేసుకుని కూర్చోవాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి. సైకిలు తొక్కే రోజు ఇన్సులిను తొడకు వద్దు, పొట్టకు చేయండి. పనిచేసే తొడ నుంచి అది త్వరగా రక్తంలోకి వెళ్ళిపోతుంది. కాళ్ళకు మూసి ఉన్న చెప్పులో బూట్లో ఉండాలి. ఇంటికి రాగానే అరికాలు మీరే చూడండి. స్పర్శ తెలియని కాలికి పుండు పడినా ఆయనకు తెలియదు.

సీటు ఎత్తు సరిచేయించండి. పెడలు అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా రావాలి. సీటు పల్లమైతే మోకాళ్ళ నొప్పి వస్తుంది. ఆడవారికి కూడా ఇవన్నీ వర్తిస్తాయి. బడికొస్తా పథకంలో పిల్లకిచ్చిన సైకిలు మూలన తుప్పుపడుతుంటే టైర్లలో గాలి కొట్టించండి.

వేసవిలో ఏడు గంటల లోపే ముగించండి. దాహానికి నీళ్ళు చాలు. ఉప్పు వేసిన నిమ్మరసం బి.పి., గుండె నీరసం ఉన్నవారికి వద్దు.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఎన్నడూ లేని ఆయాసం, గుండెదడ కనబడితే అక్కడే దిగి కూర్చోబెట్టి 108కి ఫోను చేయండి. ఇల్లు దగ్గరే కదా అని తొక్కించుకురావద్దు.

ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ, ఎన్ని నిమిషాలు, ముందు షుగరు ఎంత, తరువాత ఎంత అని రాసిపెట్టండి. రివ్యూకి వచ్చేటప్పుడు అది మందుల చీటీతో పాటు తీసుకురండి. క్రమంగా తొక్కేవారికి ఇన్సులిను మోతాదు తగ్గించవలసి రావచ్చు. ఆ లెక్క చూసి డాక్టరుగారు నిర్ణయిస్తారు, మీరు సొంతంగా తగ్గించకండి.